గడ్డానికో కొత్త బ్లేడు

ఆదివారం పొద్దున ఏ ఊళ్లో చూసినా ఒక చోట మగవాళ్లు గుమిగూడి ఉంటారు. కొన్ని ఊళ్లలో అది సెంటర్లో ఉన్న సెలూను. కొన్ని ఊళ్లలో వేపచెట్టు కింద వేసిన కుర్చీ. ఒకరికి క్రాఫు, ఒకరికి గడ్డం. మిగిలినవాళ్లు పేపరు చదువుతూ, ఊరి కబుర్లు చెప్పుకుంటూ వంతు కోసం కూర్చుంటారు.

పది మంది గడ్డాలు గీయించుకుని వెళ్లారనుకోండి. వాళ్లలో ఎంతమంది బ్లేడు వైపు చూశారు? అది కొత్తదా, ముందు మనిషికి వాడినదా అని ఎంతమంది అడిగారు?

చాలామంది అడగరు. అడగాలని ఉన్నా మొహమాటపడతారు. కానీ ఆ చిన్న బ్లేడు వెనక పెద్ద సంగతి ఉంది. అది తెలుసుకుందాం.

గడ్డం ఎందుకు వస్తుంది?

మగపిల్లలకు పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి ఒంట్లో ఒక మార్పు వస్తుంది. వృషణాల్లో తయారయ్యే ఒక రసం రక్తంలో కలుస్తుంది. దాన్ని హార్మోను అంటారు. దాని వల్ల గొంతు మారుతుంది. మీసం మొలుస్తుంది. తరవాత గడ్డం వస్తుంది. కొందరికి ఒత్తుగా, కొందరికి పలచగా వస్తుంది. అది చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చే పోలిక. గడ్డం పలచగా ఉన్నంత మాత్రాన మగతనం తక్కువైనట్టు కాదు.

"ఇప్పటి నుంచే గీశావంటే గడ్డం ముళ్లలాగా వస్తుందిరా" అని పెద్దవాళ్లు పిల్లల్ని హెచ్చరిస్తారు. ఇది నిజం కాదు. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది. బ్లేడు పైన కనపడే వెంట్రుకనే కోస్తుంది. లోపలి కుదురును తాకదు. కోసిన చోట వెంట్రుక మొన మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది. అంతే. గీయడం వల్ల వెంట్రుక లావు కాదు, సంఖ్యా పెరగదు.

గీసుకోవాలా, పెంచుకోవాలా?

ఇది ఎవరి ఇష్టం వాళ్లది. తెలుగు ఊళ్లలో దీని గురించి ఎన్నో ఆచారాలు ఉన్నాయి. మంగళవారం క్షవరం చేయించుకోరు. భార్య కడుపుతో ఉంటే కొందరు భర్తలు గడ్డం తీయరు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు దీక్ష అయ్యేదాకా కత్తి తాకనివ్వరు. కొన్ని మతాల వారికి గడ్డం నియమం.

ఆరోగ్యం లెక్కలో చూస్తే గడ్డం ఉన్నా తప్పు లేదు, లేకపోయినా తప్పు లేదు. ఉంటే రోజూ సబ్బుతో కడుక్కోవాలి, దువ్వుకోవాలి. చెమట, దుమ్ము, అన్నం మెతుకులు అందులో నిలవ ఉండకూడదు. గడ్డం పెంచినవాడు శుభ్రం లేనివాడు కాదు. గడ్డం గీసినంత మాత్రాన శుభ్రం వచ్చినట్టూ కాదు. మురికి బ్లేడుతో నున్నగా గీయించుకున్న ముఖం కంటే కడుక్కున్న గడ్డమే మేలు.

కత్తి కథ

మనిషి గడ్డం గీసుకోవడం నిన్న మొన్నటిది కాదు. నాలుగు వేల ఏళ్లకు పైబడిన సింధు నాగరికత ఊళ్లలో, మొహంజోదారో తవ్వకాల్లో, రాగి క్షౌరకత్తులు దొరికాయి.

ఆ తరవాత ఇనుప కత్తి, ఉక్కు కత్తి వచ్చాయి. ఒకటే కత్తి. దాన్ని రాయి మీద నూరి, తోలు పట్టా మీద సానబట్టి ఏళ్ల తరబడి వాడేవారు. ఊరందరి గడ్డాలకూ అదే కత్తి.

అమెరికాలో కింగ్ జిల్లెట్ అనే ఆయన పలచటి రేకు బ్లేడు, దాన్ని బిగించే రేజరు తయారుచేయించి 1903లో అమ్మకానికి పెట్టాడు. ఆ ఏడాది అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. కొన్నేళ్లకే అది ప్రపంచమంతా పాకింది. మొద్దుబారితే నూరక్కర్లేదు, పారేసి కొత్తది వేసుకోవచ్చు. అదే దాని గొప్ప.

ఇప్పుడు సెలూన్లలో కత్తి పిడి అలాగే ఉంది. దానికి సగానికి విరిచిన బ్లేడు తొడుగుతారు. అంటే ఒక బ్లేడు ఇద్దరికి సరిపోతుంది. మార్చడానికి అర నిమిషం పట్టదు. మార్చడానికే పుట్టిన బ్లేడును మార్చకుండా వాడితే, పాత కాలం కత్తికీ దానికీ తేడా ఏముంది?

కంటికి కనపడని గాటు

"నాకు ఎక్కడా తెగలేదు. రక్తం రాలేదు. మరి భయమెందుకు?" అని కొందరు అంటారు.

బ్లేడు వెంట్రుకతో పాటు చర్మం పైపొరను కూడా కొంచెం గీకుతుంది. ఆ గీతలు కంటికి కనపడవు. గడ్డం గీశాక పటిక రాస్తే చురుక్కుమంటుంది కదా. ఆ మంట ఎందుకు? గీతలు పడ్డాయి కాబట్టే.

ముందు మనిషికి గీసినప్పుడు అతని రక్తం చుక్కలో వందో వంతు బ్లేడుకు అంటుకున్నా చాలు. అది కంటికి కనపడదు. అదే బ్లేడు తరవాతి మనిషి ముఖం మీదికి వస్తుంది. అతని గీతల్లోంచి లోపలికి పోతుంది. ఇద్దరికీ తెలియదు. గీసిన మనిషికీ తెలియదు.

పటిక రాస్తే క్రిములు చస్తాయని చాలామంది నమ్మకం. పటిక చర్మాన్ని బిగిస్తుంది, రక్తం ఆగేలా చేస్తుంది. రోగాలు రాకుండా ఆపే శక్తి దానికి లేదు. పైగా ఒకే పటిక బిళ్లను గాటు పడ్డ పది ముఖాలకు రుద్దితే, అది కూడా రక్తాన్ని మోసుకెళ్తుంది. బ్లేడును ఒకసారి నీళ్లలో ముంచి తీసినా, డెటాల్ చుక్క వేసిన నీళ్లలో జాడించినా చాలదు.

కామెర్లలో రెండు రకాలు

బ్లేడు ద్వారా వచ్చే జబ్బుల్లో ముఖ్యమైనది హెపటైటిస్ బి. ఇది కాలేయానికి, అంటే లివరుకు, పట్టే జబ్బు.

కామెర్లు అనగానే కలుషితమైన నీళ్లు గుర్తుకొస్తాయి. అది నిజమే. హెపటైటిస్ ఎ, ఇ అనేవి మురికి నీళ్లు, తిండి ద్వారా వస్తాయి. బి, సి అనేవి అలా రావు. రక్తం ద్వారా వస్తాయి. వాడిన సూదులు, పరీక్ష చేయని రక్తం, ఒకరు వాడిన బ్లేడు వాటికి దారులు. బి రకం సంభోగం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు కూడా వస్తుంది.

హెపటైటిస్ బి వైరస్ చాలా మొండిది. ఒంటి బయట, ఎండిన రక్తం మరకలో కూడా, కనీసం ఏడు రోజులు బతకగలదు. అంటే పోయిన ఆదివారం వాడి పక్కన పెట్టిన బ్లేడు ఈ శనివారం కూడా జబ్బు అంటించగలదు.

ఈ జబ్బు సోకిన పెద్దవాళ్లలో చాలామందికి ఆరు నెలల్లోపు దానంతట అదే తగ్గిపోతుంది. ఆ సమయంలో పసరు తాగితే పసరు వల్లే తగ్గిందనుకుంటారు. కానీ కొందరిలో అది తగ్గదు. ఏ నొప్పీ లేకుండా ఏళ్ల తరబడి లివరులో దాక్కుంటుంది. చివరికి లివరు గట్టిపడిపోవచ్చు. పొట్టలో నీరు చేరవచ్చు. లివరు కాన్సరు రావచ్చు. మద్యం తాగేవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

దీనికి టీకా ఉంది. ఒకప్పుడు ఆ టీకా విదేశాల నుంచి వచ్చేది. ఖరీదు చాలా ఎక్కువ. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దాన్ని మన దేశంలోనే తయారుచేసి తక్కువ ధరకు తెచ్చింది. 2011 నాటికి దేశమంతటా పిల్లల టీకాల్లో అది చేరింది. పుట్టిన 24 గంటల్లోపు ఒకటి, తరవాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు మిగిలినవి వేస్తారు. పెద్దవాళ్లు కూడా వేయించుకోవచ్చు. మూడు సార్లు వేయించుకోవాలి. మొదటిదానికి నెల తరవాత రెండోది, ఆరు నెలలకు మూడోది. రోజూ పదిమందికి గడ్డాలు గీసేవారికి ఈ టీకా అందరికంటే ముందు అవసరం.

హెపటైటిస్ సి కి టీకా లేదు. కానీ మాత్రలతో నయమవుతుంది. ఈ రెండు జబ్బులకూ పరీక్ష, మందు ఉచితంగా ఇచ్చే జాతీయ పథకం 2018లో మొదలయింది. వివరాలు ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

ఎయిడ్స్ భయం

ఎయిడ్స్ మాట విన్నాకే చాలామంది కొత్త బ్లేడు అడగడం మొదలుపెట్టారు. ఎయిడ్స్ తెచ్చే హెచ్ఐవి కూడా రక్తం ద్వారా వచ్చేదే. అయితే అది ఒంటి బయట ఎక్కువసేపు బతకలేదు. గడ్డం గీయడం ద్వారా అది సోకే అవకాశం చాలా తక్కువ. హెపటైటిస్ బి దానికంటే 50 నుంచి 100 రెట్లు తేలికగా అంటుకుంటుంది. భయపడేది ఒకదానికి, ముప్పు ఎక్కువ ఇంకొకదానితో. కొత్త బ్లేడు రెండింటినీ ఆపుతుంది.

ఒకే కుర్చీలో కూర్చుంటే హెచ్ఐవి రాదు. దువ్వెన వల్ల, తువ్వాలు వల్ల రాదు. జుట్టు కత్తిరిస్తే రాదు. కాబట్టి హెచ్ఐవి ఉన్న మనిషిని సెలూను నుంచి పంపేయడం అన్యాయం. 2017లో వచ్చిన చట్టం ప్రకారం అలాంటి వివక్ష చూపకూడదు. ఎవరికి ఏ జబ్బు ఉందో ముఖం చూసి చెప్పలేం. అందుకే అందరికీ ఒకటే పద్ధతి ఉండాలి. ప్రతి ముఖానికీ కొత్త బ్లేడు.

అడగడానికి మొహమాటం ఎందుకు?

"చిన్నప్పటి నుంచి గీస్తున్న మనిషి. బ్లేడు మార్చమంటే ఏమనుకుంటాడో."
"మగాడివి, ఇంత సున్నితమైతే ఎలా అని నవ్వుతారేమో."
"ఎక్కువ డబ్బులు అడుగుతాడేమో."

ఈ మూడు మాటలే చాలామంది నోరు కట్టేస్తాయి.

మొదటిది. బ్లేడు మార్చమంటే గీసే మనిషిని అనుమానించినట్టు కాదు. అతనికి కూడా అదే క్షేమం. వాడిన బ్లేడు అతని వేలికి తెగితే జబ్బు అతనికే వస్తుంది. మాట ఎలా అడుగుతామన్నదే ముఖ్యం.

"బాబాయ్, కొత్త బ్లేడు వెయ్యవా? ఇదిగో, నేనే తెచ్చా."
"నా దగ్గర ఉందిలే అబ్బాయ్. నీ ముందే విరుస్తా చూడు."

ఇంతే. ఇందులో తగువు ఏముంది?

రెండోది. నొప్పి, గాటు, జబ్బు లెక్కచేయకపోవడమే మగతనం అనే మాట చాలామందిని ఆసుపత్రి దాకా తీసుకెళ్లింది. లివరుకు మగతనం తెలియదు. జబ్బు వస్తే మంచం పట్టేది అతను. కూలి పోయేది ఇంటికి. అప్పు తెచ్చేది ఇంటి ఆడవాళ్లు.

మూడోది. ఒక బ్లేడు ఖరీదు కొద్ది రూపాయలే. టీ తాగిన డబ్బులు పెడితే వస్తుంది. లివరు జబ్బు వైద్యానికి పొలం అమ్మినా చాలదు.

తిరుమలలో కల్యాణకట్టకు రోజూ వేలమంది వస్తారు. తలనీలాలు ఇచ్చేవారికి టోకెనుతో పాటు బ్లేడు ఇస్తారు. వేలమంది దగ్గర కుదిరిన పని ఊరి సెలూనులో పదిమంది దగ్గర కుదరదా?

పనికి గౌరవం, కుర్చీకి సమానత్వం

శుభ్రత గురించి మాట్లాడేటప్పుడు ఆ పని చేసే చేతుల గురించీ మాట్లాడాలి. క్షౌరవృత్తి చేసే నాయీబ్రాహ్మణులు ఒకప్పుడు ఊరికి వైద్యులు కూడా. పుండ్లు కోసి కట్టు కట్టేది వాళ్లే. వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు కాన్పులు చేసేవారు. పెళ్లికి సన్నాయి, డోలు వాళ్లవే. ఏడాదంతా ఊరికి పనిచేస్తే పంటలప్పుడు ఇంత ధాన్యం కొలిచేవారు. అయినా వాళ్లను పేరు పెట్టి చులకనగా పిలిచేవారు. వాళ్ల పనినే తిట్టుగా వాడేవారు. ఆ వృత్తివారిని కించపరిచే మాటలు వాడకూడదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు మంచిదే. నోరు అదుపులో పెట్టుకోవలసింది మాత్రం మనుషులే.

ఇంకో అన్యాయం కూడా ఉంది. దళితులకు క్షవరం చెయ్యకూడదని, ఆ కుర్చీలో వాళ్లు కూర్చోకూడదని ఎన్నో ఊళ్లలో కట్టుబాటు ఉండేది. అంబేద్కర్ చిన్నతనంలో సతారాలో ఉన్నప్పుడు ఆయనకు అక్క జుట్టు కత్తిరించేది. ఊళ్లో క్షురకులు లేక కాదు. ఇవ్వడానికి డబ్బులు లేక కాదు. అంటరానివాడికి కత్తి పెట్టడానికి ఎవరూ ఒప్పుకోక. ఈ సంగతి ఆయనే రాసుకున్నారు.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 చట్టం ప్రకారం అంటరానితనం పేరుతో దుకాణంలోకి రానివ్వకపోయినా, పని చెయ్యనని చెప్పినా నేరమే. 1989లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. కొన్నిచోట్ల క్షురకుడికి మనసులో అభ్యంతరం ఉండదు. "వాళ్లకు చేస్తే మేం రాం" అని ఊరి పెద్దలు బెదిరిస్తారు. బతుకుతెరువు పోతుందని అతను భయపడతాడు. అప్పుడు తప్పు బెదిరించినవాళ్లది. ఊరంతా ఒక మాట మీద ఉంటే ఒక్క మనిషి భయపడవలసిన పని ఉండదు. వరసలో ఎవరు ముందు వస్తే వాళ్లు ముందు కూర్చోవాలి. కుర్చీ ఒకటే. బ్లేడు మాత్రం ఎవరిది వాళ్లదే.

ఇంట్లో గీసుకునేవాళ్లు

ఇంట్లో గీసుకుంటే భయం లేదనుకోవద్దు. చాలా ఇళ్లలో తండ్రీ కొడుకులు, అన్నదమ్ములు ఒకే రేజరు వాడతారు. "మనం మనమే కదా" అంటారు. రక్తానికి చుట్టరికం తెలియదు. ఎవరి రేజరు వాళ్లకు ఉండాలి.

గీసుకునే ముందు ముఖం గోరువెచ్చని నీళ్లతో కడిగి రెండు మూడు నిమిషాలు తడిగా ఉంచాలి. నానిన వెంట్రుక మెత్తబడుతుంది. నురగ బాగా పట్టించాలి. వెంట్రుక ఎటు వాలి ఉంటే అటే గీయాలి. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది కానీ పొక్కులు లేస్తాయి. మొద్దుబారిన బ్లేడుతో గట్టిగా నొక్కి గీస్తే గాట్లు పడతాయి. అయ్యాక చల్లటి నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్దుకోవాలి. రుద్దకూడదు. రేజరు కడిగి ఆరబెట్టాలి.

వాడిన బ్లేడును కిటికీలో పెట్టకూడదు. చెత్తలో పడేయకూడదు. చెత్త ఎత్తేవారి చేతులు తెగుతాయి. మేతలో కలిస్తే గొడ్ల కడుపు కోస్తుంది. ఒక పాత డబ్బా మూతకు సన్నటి చీలిక పెట్టి అందులో వెయ్యండి. పిల్లలకు అందకుండా పెట్టండి.

సెలూనులో చూసుకోవలసినవి

1. బ్లేడు మీ కళ్లముందే విప్పాలి.

2. తువ్వాలు ఉతికినది కావాలి. తామర, గజ్జి తువ్వాళ్ల ద్వారా పాకుతాయి. మీ తువ్వాలు మీరే తీసుకెళ్తే ఇంకా మంచిది.

3. కత్తి పిడి, కత్తెర, దువ్వెన సబ్బునీళ్లతో కడిగి ఉండాలి. రక్తం అంటిన లోహపు పనిముట్లను కడిగి, 20 నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచాలి.

4. గాటు పడితే అందరికీ రుద్దిన పటిక వద్దు. శుభ్రమైన దూదితో కాసేపు అదిమి పట్టుకుంటే రక్తం ఆగుతుంది.

5. మెడ పట్టి పటుక్కుమని తిప్పించుకోవద్దు. హాయిగా ఉంటుందని చాలామంది తిప్పించుకుంటారు. ఒక్కసారిగా తిప్పితే మెదడుకు పోయే రక్తనాళం చిట్లవచ్చు. నరం దెబ్బతినవచ్చు. పక్షవాతం రావచ్చు.

6. జుట్టుకు నల్లరంగు వేసుకునేవాళ్లు రెండు రోజుల ముందు చెవి వెనక చుక్క రాసి చూసుకోవాలి. దురద, వాపు వస్తే ఆ రంగు పడదు. రంగు సీసాను ఇంట్లో భద్రంగా దాచాలి. అది కడుపులోకి పోతే గొంతు వాచి ఊపిరి ఆడదు. కిడ్నీలు పాడవుతాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లకపోతే ప్రాణం దక్కదు.

షోకు వేరు, శుభ్రం వేరు

"మగవాడికి ముస్తాబు ఏమిటి?" అనే రోజులు పోయాయి. మగవాళ్లకు తెల్లబడే క్రీములు కూడా వచ్చాయి. 2005 నుంచి ప్రత్యేకంగా వాళ్ల కోసమే అమ్ముతున్నారు. నల్లగా ఉండటం జబ్బు కాదు. ఎండలో పని చేసే ఒంటికి ఆ రంగు రక్షణ. కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు రాసుకున్న కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నట్టు డాక్టర్లు కనిపెట్టారు.

క్రీముకు వందలు పెట్టి, బ్లేడుకు రూపాయి దగ్గర వెనకాడేవాళ్లు ఉన్నారు. రోజూ స్నానం, ఉతికిన బట్టలు, కత్తిరించిన గోళ్లు, దువ్విన తల, ఎవరికి వారి బ్లేడు. మగవాడి అందానికి ఇవి చాలు. వీటికి పెద్ద ఖర్చు లేదు. సిగ్గుపడవలసింది అసలే లేదు.

చర్చించండి

1. మీ ఊరి సెలూనులో ప్రతి మనిషికీ బ్లేడు మారుస్తున్నారా? మార్చకపోతే ఎవరితో, ఎలా మాట్లాడతారు?

2. అక్కడ అన్ని కులాలవారూ ఒకే కుర్చీలో కూర్చుంటున్నారా?

3. మీ ఇంట్లో ఒకే రేజరును ఎంతమంది వాడుతున్నారు?

4. ఊళ్లో క్షౌరవృత్తి చేసేవారికి హెపటైటిస్ బి టీకా వేయించడానికి ఏం చేయాలి? ఏఎన్ఎమ్‌ను అడిగి తెలుసుకోండి.

5. "కొత్త బ్లేడు వెయ్యండి" అనే మాటను పెద్ద అక్షరాలతో అట్ట మీద రాయండి. సెలూను యజమాని అనుమతి తీసుకుని గోడకు తగిలించండి.